చావు చూసిన ఇల్లు

కిరాయి ఇల్లు చూడటానికి పోయే ముందు మా అవ్వ, నన్ను కన్నతల్లి, తన జుట్టుకు రంగు వేయమంది. వేశాను. కణత మీదికి కారిన మరక సబ్బుతో ఎంత రుద్దినా పోలేదు. కొంగు ముందుకు లాక్కుని, నా నీలం చీర కట్టుకుని, నడుం నిటారుగా పెట్టి నడిచింది. వెనకాల నడుస్తూ, ఈ వయసులో మా అవ్వకు పెళ్లిచూపులు వచ్చాయి కదా అని నవ్వుకున్నాను.

కరీంనగర్‌లో ఆ ఎండాకాలం ఎన్ని గడపలు ఎక్కి దిగామో గుర్తులేదు. ఉంటున్న ఇంటి ఓనరు అవ్వ దగ్గు విని, కొడుకు పెళ్లి వంక చెప్పి ఖాళీ చేయమన్నాడు. కొత్త చోట్ల అందరూ అవే అడిగేవాళ్లు. ఎందరుంటారు, నీళ్లు ఎక్కువ వాడతారా, ముసలివాళ్లున్నారా. మొదటి రెండూ మాట వరసకు. మూడోదే అసలు సంగతి. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. చేసుకున్నవాడు నిలవలేదు, పిల్లలు లేరు, నాకున్నదల్లా ఒక కుట్టుమిషను, ఒక అవ్వ. మిషను చప్పుడుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ రోజు ఇంటామె మంచిగానే మాట్లాడింది. అవ్వను చూసి, "మీ అక్కనా?" అని నన్నడిగింది. అవ్వ మురిసిపోయి నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు, మెట్ల మీదే కూలబడింది. ఇంటామె మంచినీళ్లు తెచ్చిచ్చి, నన్ను పక్కకు పిలిచింది. "ఏమనుకోకు చెల్లె. మీరు మంచోళ్లే. రేపు పెద్దామెకు ఏమన్న అయితె మాకు పరేషాన్" అంది. నీళ్ల గ్లాసు ఇంకా అవ్వ చేతిలోనే ఉంది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా దిక్కు కిరాయి ఇంట్లో చావు జరగనివ్వరు. దవాఖానలో పోయినా శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. ఇంటికి అరిష్టమంటారు, మళ్లీ ఎవరూ కిరాయికి దిగరంటారు. అందరూ అలా ఉండరు నిజమే, కానీ అలా ఉండనివాళ్లు మాకు దొరకలేదు. సొంతిల్లు లేనివాడు ఎక్కడైనా బతకొచ్చు. చచ్చేటప్పుడే చిక్కు.

మాకది ముందే అనుభవం. మా నాయన, బాపు అనేదాన్ని, సాంచెల మీద బట్ట నేసేవాడు. పొద్దంతా మరమగ్గాల మోతలో నిలబడి, ఇంటికొచ్చాక కూడా గట్టిగా అరిచి మాట్లాడేవాడు. ఆయన దవాఖానలో పోయాడు. బండిలో తీసుకొస్తే ఓనరు గేటుకు తాళం వేసి, లోపలి నుంచి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఏడుస్తూనే ఉన్నాడు, తాళం మాత్రం తీయలేదు. వాన పడుతోంది. రోడ్డు పక్కన తాడిపత్రి పట్టా కట్టి దాని కింద బాపును పడుకోబెట్టాం. పోయినవాళ్ల కోసం ఇంట్లో ఒక మూల దీపం పెట్టి, దినాలు అయ్యేదాకా ఆరకుండా కాయాలి. మాకు మూలెక్కడిది? మురుగు పారే మోరీ గట్టు మీద పెట్టి, గాలికి అడ్డంగా పగిలిన కుండ బోర్లించాం. అయినా ఆరుతూనే ఉంది. అవ్వ వెలిగిస్తూనే ఉంది.

అప్పటి నుంచి బాపు అవ్వకు కనిపించేవాడు. ఇల్లు మారినా సరే, కొత్త ఇంటి గేటు దగ్గర వచ్చి నిలబడేవాడట. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి, "మీ బాపు వచ్చిండు" అనేది.

"వస్తే లోపటికి రమ్మను" అనేదాన్ని విసుగ్గా.

"ఎట్లొస్తడే? ఓనరు రానియ్యలే గద."

నాకు కోపం ఎక్కువ. భయం వేసినప్పుడు మరీ ఎక్కువ. కంచం అక్కడే వదిలేసి, లేచి గేటు దాకా పోయి చూసేదాన్ని. వీధిలో ఎవరూ ఉండేవాళ్లు కాదు. అయినా వెనక్కి తిరిగేటప్పుడు వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉండేది. గడియ పెట్టడానికి మనసొప్పేది కాదు, పెట్టకుండా ఉండటానికి ధైర్యం చాలేది కాదు.

అవ్వకు ఇక ఒకటే పట్టు. తన ప్రాణం ఇంటి లోపల పోవాలి. అంతకన్నా ఏమీ అడగలేదు. ముసలివాళ్లను ఉంచుకునే ఆశ్రమం ఒకటి చూపించాను. శుభ్రంగా ఉంది, మంచాలు వరసగా ఉన్నాయి, వేళకు అన్నం పెడతారు. మరీ సీరియస్ అయితే మాత్రం ఇంటికి పంపించేస్తామని అక్కడి ఆమె నెమ్మదిగా చెప్పింది. ఏ ఇంటికి? అవ్వ బయటికొచ్చి, "బస్టాండు లెక్కున్నది బిడ్డా. ఎవల బండి వచ్చెదాక వాళ్లు కూసున్నరు" అంది. నాకు ఒళ్లు మండింది. ఇల్లంటే బతికున్నవాళ్లు తిరగడానికి, వండుకోవడానికి కట్టే వస్తువనే అందరి లెక్క. మనిషి చివరికి పడుకునేది కూడా ఇంట్లోనేనని ఎవరికీ తోచదా?

జాకెట్లు కుట్టించుకునే ఒకామె ధర్మపురి సంగతి చెప్పింది. అక్కడ వాళ్ల చుట్టాల ఇల్లొకటి తాళం వేసి ఏండ్లయిందట. ఇంటాయన గల్ఫ్‌లో ఉండగా ఆయన తల్లి అందులోనే పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. గుమ్మం గుండా తీసుకుపోవద్దని గోడకు కన్నం పెట్టి, అందులోంచి శవాన్ని దాటించారు. తలుపుకు అడ్డంగా తుమ్మకంప వేసి, ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టమన్నాడు అయ్యగారు. కోడలు పిల్లల్ని తీసుకుని ఖానాపూర్‌లో తల్లిగారింటికి పోయింది. ఆరు నెలలు గడిచాయి, ఏండ్లు గడిచాయి, కంప తీసేవాళ్లు లేకపోయారు.

"ఆ ఇంటి పక్కన నడవాలంటేనే భయమైతది" అందామె.

అవ్వ కళ్లు మెరిశాయి. అంత సంతోషం నేను ఆమె ముఖంలో చూసి చాలా రోజులైంది. "చావు చూసిన ఇల్లు బిడ్డా. ఇంకో చావుకు బెదరది" అంది. ధర్మపురికి పోతే యమపురి ఉండదనే సామెత ఎలాగూ ఉంది. అయినా ఆ ఊళ్లోనూ కిరాయి ఇళ్లకు అదే కట్టుబాటు. నాలుగు జిల్లాల పోయినవాళ్లకు గోదారి ఒడ్డున కర్మలు చేయించి పంపే ఊరు, ఒక్క ముసలమ్మను పడుకోనిచ్చే గది ఇవ్వదు. నేను మిషను ఎక్కడ పెట్టుకున్నా నడుస్తుంది కాబట్టి సరేనన్నాను. 

ఇంటాయనకు ఫోన్ చేశాం.  "చావు జరిగిన ఇల్లక్కా అది. మీకు ఎరికేనా?" అన్నాడు.

అవ్వ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఎరికే బిడ్డా. నేను పెద్దమనిషిని. దగ్గున్నది. గా ఇంట్లనే పోతనేమో. నీకేమన్న కష్టమా?"

"నాకేం కష్టం పెద్దమ్మా. ఇంక ఆ ఇంటికి పొయ్యేదేమున్నది? దీపం పెట్టుండ్రి చాలు." పెట్టేస్తాడనుకుంటే మళ్లీ గొంతు వినిపించింది. "మా అవ్వ చివరికి నేను రాలేకపోయిన. ఆమె ఏమన్న కనవడితె... జర నాకు చెప్పుండ్రి."

కంప పక్కకు లాగింది అవ్వే. నన్ను ముట్టనివ్వలేదు. లోపల బూజు, ఎలుకల వాసన, గోడకు వేలాడుతున్న పాత క్యాలెండరు. వెనక గదిలో గోడ మధ్య మనిషి పట్టేంత మేర కొత్త ఇటుక కనిపించింది. కన్నం పూడ్చిన చోట సున్నం కూడా వేయలేదు. అవ్వ సరిగ్గా దాని పక్కనే మంచం వేయించుకుని, గోడ మీద చెయ్యి పెట్టి, "అక్కా, జర జరుగు. నేనొచ్చిన" అంది. నేను గది బయటే నిలబడిపోయాను.

ఆ ఇంట్లో భయపడలేదని చెప్పను. మధ్యాహ్నం పూట మిషను ఆపగానే వెనక గదిలో ఎవరో అరచేత్తో గోడను తడుతున్నట్టు వినిపించేది. బల్లి అనుకునేదాన్ని, ఇటుక ఆరుతోంది అనుకునేదాన్ని. ఏండ్ల కిందటి ఇటుక ఇంకా ఆరడమేమిటని మనసే ఎదురు ప్రశ్న వేసేది. వెంటనే మళ్లీ మిషను తొక్కేదాన్ని. ఆ రోజుల్లో నేను కుట్టినన్ని జాకెట్లు ఎన్నడూ కుట్టలేదు. అవ్వ మాత్రం ఆ గోడతో రోజూ మాట్లాడేది. ఏం కూర వండామో చెప్పేది. నీ కొడుకు ఫోన్ చేసిండు, బాగున్నడు, ఫికర్ పెట్టుకోకు అని చెప్పేది.

సాయంత్రాలు వాకిట్లోకి చూస్తూ, "రా, గీడ ఆపెటోళ్లు లేరు" అని మా బాపును కూడా పిలిచేది. కొన్నాళ్లకు పిలవడం మానేసింది. కనిపించట్లేదా అని అడిగాను.

"లోపటికొచ్చినోడు గేటు కాడ ఎందుకు కనవడ్తడు?" అంది, పప్పులో రాళ్లు ఏరుతూ.

ఆ రాత్రి చాలా కాలానికి నేను హాయిగా పడుకున్నాను.

మేం బెల్లంపల్లి పెద్దబాపు అని పిలుచుకున్న ముసలాయన వచ్చింది ఆ తర్వాతే. బొగ్గు బాయిలో పని చేసినంత కాలం కంపెనీ క్వార్టర్‌లో ఉన్నాడు. రిటైరయ్యాక అది పోయింది, భార్య పోయింది, మిగిలిన పైసలు పెట్టుకుని కిరాయి గది వెతుక్కుంటే వయసు అడ్డమొచ్చింది. సత్రాల్లో రోజులు నెట్టుకొస్తున్నాడు. మంచినీళ్లకని వచ్చి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న అవ్వను చాలాసేపు చూశాడు.

"అమ్మా, గీ ఇంట్ల ముసలోళ్లను ఉండనిస్తరా?"

"గీ ఇంట్ల ముసలోళ్లనే ఉండనిస్తరు తమ్మీ" అంది అవ్వ. నన్ను ఒక్క మాట అడగలేదు.

ఇంకొన్నాళ్లకు ఒక సాంచెల కార్మికుడు తన తల్లిని ఆటోలో తీసుకొచ్చాడు. ఒక్క గది కొంపలో భార్యాపిల్లలతో ఉంటున్నాడు. తల్లి మంచాన పడుతోందని తెలిసి ఓనరు గడువు పెట్టాడు. అతను తల్లి మూట అరుగు మీద పెట్టి, తలుపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరిని తిట్టాలో నాకు తెలియక అతన్నే తిట్టాను, ముందు టీ తాగి ఏడువు అని.

ముగ్గురు ముసలివాళ్లయ్యాక ఇల్లు వాళ్లకు తగ్గట్టు తనంతట తనే మారింది. గడప ఎత్తుగా ఉందని పెద్దబాపు సిమెంటు పోసి వాలు చేశాడు. కూర్చోలేనివాళ్ల కోసం ప్లాస్టిక్ కుర్చీకి నడుమ కన్నం కోసి పాయఖానాలో వేశాడు. నేను పాత చీరలు మెలిపెట్టి కుట్టి, మంచాల దగ్గర నుంచి స్నానాల గది దాకా గోడ పొడుగునా పట్టుకోవడానికి తాడు కట్టాను. దాన్ని పట్టుకుని ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నడుస్తుంటే రైలు పోతున్నట్టుండేది. మొదట్లో మా వాకిలి ముందు పరుగెత్తి పోయిన ఆడవాళ్లు, జాకెట్లు తీసుకుని లోపలికి రావడం మొదలుపెట్టారు. చల్ల తెచ్చిచ్చేవాళ్లు, కూర్చుని ముచ్చట పెట్టేవాళ్లు. ఇంటికి పట్టిన భయం మెల్లగా వదిలింది.

అదే మా కొంప ముంచింది. ఇంటాయన ఫోన్ చేశాడు. గల్ఫ్‌లో పని పోయిందట, వచ్చేస్తున్నాడట, ఇక్కడ ఏదైనా దుకాణం పెట్టుకోవాలట. "మీ పుణ్యాన ఇల్లు మంచిగైందక్కా. భయం లేదని అందరికి ఎరుకైంది. కొనెటోళ్లు అడుగుతున్నరు" అన్నాడు. నిజంగానే కృతజ్ఞతగా అన్నాడు. మామూలు ఇల్లయిపోయింది. మామూలు ఇంట్లో మావాళ్లకు చోటు లేదు.

ఆ మాట విని పెద్దబాపు తాపీగా బీడీ ముట్టించాడు. "గంతేనా? దయ్యమున్నదని పుకారు లేపుదం. బాయిల పని చేసినోన్ని, దయ్యం కథలు నాకు మస్తుగొస్తయి. ఆ ముసలామె కన్నంల నుంచి చెయ్యి బయట పెడ్తున్నదని ఒక్క మాటంటె చాలు, కొనెటోడు మళ్ల ఊర్లకు రాడు."

అవ్వ పడుకున్నదల్లా లేచి కూర్చుంది. "నోరు ముయ్యి. తల్లి కనవడితె చెప్పమన్నడు ఆ పిలగాడు. గసొంటోని ముందట వాని తల్లిని దయ్యం జేత్తవా?" దగ్గు వచ్చినా ఆగలేదు. "అక్క మనకు జాగ ఇచ్చింది. ఆమె మీద ఒక్క మాట పడొద్దు."

పెద్దబాపు బీడీ ఆర్పేశాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు.

ఇంటాయన రాకముందే అవ్వ పోయింది. పొద్దున టీ అడిగి తాగింది. ఎండ ఎంత మంచిగ వచ్చిందో చూడు అంది. ఆ ఇటుక గోడ వైపు తిరిగి పడుకుని, నా వేళ్లు పట్టుకుంది. కాసేపటికి ఆ పట్టు మెల్లగా సడలింది. నేను అరవలేదు. అరవాల్సిన అవసరం కనిపించలేదు. గేటుకు తాళం వేసేవాళ్లు లేరు, బండిని రోడ్డు మీదే ఆపేవాళ్లు లేరు. ఆమెను గదిలోంచి పెద్ద గుమ్మం గుండానే బయటికి తెచ్చాం. తలకొరివి నేనే పెట్టాను. ఆమె మంచం వేసిన చోట పెట్టిన దీపం దినాలు అయ్యేదాకా ఆరలేదు. సాంచెల కార్మికుడి తల్లి పక్కనే కూర్చుని కాపలా కాసింది.

పిట్టకు పెట్టిన రోజు గోదారి ఒడ్డుకు పోయాం. పోయినవాళ్ల మనసులో కోరిక మిగిలితే కాకి ఆ అన్నం ముట్టదంటారు. ధర్మపురి కాకులకు పొగరెక్కువ. రోజూ పది విస్తళ్లు చూసేవి, ఎంత బతిమాలినా రావు. పక్కన ఒక కుటుంబం కొడుకు ఉద్యోగం, కూతురి పెళ్లి, అన్నీ చూసుకుంటామని ఒట్టు మీద ఒట్టు వేస్తోంది. నేను విస్తరి ఇంకా సరిగ్గా కింద పెట్టనేలేదు. ఒక కాకి నా చేతి పక్కకే దిగి ముద్ద అందుకుంది. పెద్దబాపు, ఆ ముసలమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ ఒడ్డున కూర్చుని నేను కడుపు నిండా ఏడ్చాను, సంతోషంతో.

తర్వాతి నెలలో ఇంటాయన కొనేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. బక్కపలచటి మనిషి, జుట్టు నెరిసింది. తన తల్లి పోయిన గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రాలేదు. కొనేవాళ్లు గదులన్నీ తిరిగారు, గోడకున్న చీరల తాడు ఏమిటని నవ్వారు, ముందు అది పీకేయాలన్నారు. మంచం మీద కూర్చున్న ముసలమ్మ ఆ మాట విని మూట సర్దుకోవడం మొదలుపెట్టింది. పెద్దబాపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దయ్యం కథ ఎత్తలేదు. అవ్వ వద్దన్నది కదా.

కొనే ఆమె నన్నడిగింది. "మొన్న మీ అవ్వ గీ ఇంట్లనే పోయిందట. అంతా మంచిగనే జరిగిందా?"

నోరు తెరిచాను. మంచిగనే జరిగిందని చెప్పడానికే తెరిచాను.

"పిట్ట ముట్టలే" అన్నాను. "పొద్దు గూకెదాక కూసున్నం. దేనికి ఒట్టేసినా ముట్టలే. మా అవ్వ ఇంకా గీ ఇంట్లనే తిరుగుతున్నది."

పెద్దబాపు గిరుక్కున తిరిగి నన్ను చూశాడు. ముసలమ్మ చేతిలో మూట అలాగే ఉండిపోయింది. కొనే ఆమె మొగుడి మోచేయి పట్టుకుంది. ఇద్దరూ గబగబా చెప్పులు వేసుకున్నారు.

వాళ్లు పోయాక ఇంటాయన అరుగు మీద కూర్చున్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. "నిజమేనా అక్కా?" అని చిన్నగా అడిగాడు.

"నిజమే తమ్మీ."

"మా అవ్వకు పిట్ట ముట్టిందో లేదో ఇంతవరకు నేను ఎవలను అడుగలే. ధైర్యం చాలలే." అరచేతులతో మొహం తుడుచుకున్నాడు. "మీ అవ్వ ఉన్నదంటె మా అవ్వ గూడ ఉండే ఉంటది. ఇల్లు అమ్మనులే. ఇద్దరిని ఉండనీ. దుకాణం సంగతి ఇంకెట్లన్న చూసుకుంట." లేచి, మొదటిసారి ఆ గదిలోకి పోయాడు. కొత్త ఇటుక మీద నుదురు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

ముసలమ్మ మూట విప్పింది. గది ఆమెకు మిగిలింది, పెద్దబాపుకు మిగిలింది, రేపు నాకూ మిగులుతుంది. మా అవ్వ మాత్రం ఊళ్లో దయ్యమైంది. ఇంటి లోపల పోవాలని, పోయాక దిక్కులేకుండా తిరగకూడదని ఎంత తపించిందో నాకు తెలుసు. ఆమె కోరినట్టే పోయిందనీ తెలుసు. ఆ మాట గట్టిగా ఎవరికీ చెప్పుకోలేను. జాకెట్లు తెచ్చే ఆడవాళ్లు గడప బయటే ఆగి, గొంతు తగ్గించి, "మీ అవ్వ ఇంకా కనవడుతున్నదా?" అని అడుగుతారు.

"కనవడుతున్నది" అంటాను, మిషను మీంచి తలెత్తకుండా.